సెప్టెంబరు 30 తర్వాత వచ్చిన పిల్లలు

ఏ బడిలో ఎంతమంది పిల్లలున్నారు, దానికి ఏడాదికి ఎంత డబ్బివ్వాలి, ఎందరు టీచర్లు కావాలి అన్న నిర్ణయాలన్నీ దేశమంతటా యూడైస్ అనే బడుల సమాచార వ్యవస్థ లెక్కల మీదే నడుస్తాయి. ఆ లెక్కకు చాలాకాలంగా సెప్టెంబరు 30 ప్రామాణిక తేదీ. ఆ నాటికి రిజిస్టరులో పేరున్నవాళ్లే బడి పిల్లలు. తరాలుగా ఒకేచోట కాపురమున్న కుటుంబాల ఊరికి ఈ పద్ధతి సరిపోతుంది. బెంగళూరు శివార్లకు సరిపోదు. ఇక్కడి సర్కారు బడికి పిల్లలు జూన్‌లో వస్తారు, దసరా అయ్యాక వస్తారు, సంక్రాంతి ముందు కూడా వస్తారు. ఉగాదికి కొందరు వెళ్లిపోతారు. వాళ్ల రాకపోకలకు సర్కారు తేదీతో సంబంధం లేదు. వానలతో, పంటలతో, గుంపు మేస్త్రి ఇచ్చే అడ్వాన్సుతో ఉంటుంది.

ఆనేకల్, బొమ్మసంద్ర, జిగణి, సర్జాపుర, వర్తూరు, హొసకోటె, నెలమంగల. ఈ పేర్లు తెలుగు పాఠకులకు కొత్తవి కావు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కొడుకో కూతురో అటువైపు ఫ్లాటు కొనుక్కుని ఉంటారు. అవే ఫ్లాట్లకు పునాదులు తవ్విన చేతులు కూడా చాలావరకు తెలుగు చేతులే. కదిరి, మడకశిర వైపు నుంచి, ఆదోని, కోసిగి నుంచి, నారాయణపేట, మక్తల్ నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల పక్క రేకుల షెడ్డులో యాదగిరి, రాయచూరు కుటుంబాలుంటాయి. ఆ పక్కన బెంగాల్, బిహార్, ఒడిశా వాళ్లు. 2001 నుంచి 2011 మధ్య బెంగళూరు నగర జిల్లా జనాభా 47 శాతం పెరిగి 96 లక్షలు దాటింది. ఆ జనగణన ప్రకారం జిల్లాలో నూటికి దాదాపు 14 మంది మాతృభాష తెలుగు. 2021లో జరగాల్సిన గణన 2027కు వాయిదా పడింది. అంటే ఈ శివార్లలో ఎందరు పిల్లలున్నారన్న ప్రశ్నకు మన దగ్గరున్న అధికారిక జవాబు వయసు పదిహేనేళ్లకు చేరుతోంది. ఆ లెక్కలో చంటిబిడ్డలుగా నమోదైనవాళ్లు ఇప్పుడు పదో తరగతి పరీక్షలు రాస్తున్నారు.

నవంబరులో ఇలాంటి బడిలో హెడ్‌మాస్టరు గదిలో కాసేపు కూర్చుంటే విషయం కళ్లకు కడుతుంది. ఒక తల్లి ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తుంది. టీసీ ఉండదు. ఆధార్ కార్డు ఊళ్లో ఉంటుంది, దాని ఫొటో మేస్త్రి ఫోన్లో ఉంటుంది. కర్ణాటకలో చదివిన పిల్లవాడైతే విద్యార్థుల వివరాలు నమోదుచేసే రాష్ట్ర వ్యవస్థ శాట్స్‌లో నంబరు ఉంటుంది గనుక కంప్యూటరులో వెతకవచ్చు. ఆంధ్రా నుంచో తెలంగాణ నుంచో వస్తే అదీ లేదు. పెద్దపిల్ల వయసుకు ఆరో తరగతిలో కూర్చోవాలి, కన్నడ అక్షరాలు రావు. చిన్నవాడు ఇంతవరకు ఏ బడికీ వెళ్లలేదు. హెడ్‌మాస్టరు మనసున్న మనిషైతే ఇద్దరినీ ఆ పూటే కూర్చోబెట్టుకుంటారు. మధ్యాహ్నం బిసియూట (వేడి భోజనం) పళ్లెం ఇద్దరికీ అందుతుంది.

ఆ పళ్లెం దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ఆ రోజు ఎందరు తిన్నారన్న లెక్క ఆ రోజే రాస్తారు. రేపు పదిమంది ఎక్కువైతే అన్నం పదిమందికి ఎక్కువ వండుతారు. 2000లో బెంగళూరులోనే అయిదు బడుల్లో 1,500 మంది పిల్లలతో మొదలైన అక్షయపాత్ర నుంచి, 2024లో అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ సుమారు 1,500 కోట్ల సాయంతో వారానికి ఆరు రోజులు గుడ్డు ఇచ్చే కార్యక్రమం దాకా, తిండి విషయంలో ఈ రాష్ట్రం చేసింది తక్కువ కాదు. పిల్లవాడు ఎక్కడుంటే అక్కడికి అన్నం వెళ్తోంది, రోజూ లెక్క చూసుకుని మరీ వెళ్తోంది. అదే పిల్లవాడి కోసం రావాల్సిన టీచరు మాత్రం ఏడాది ఆగాలి. పళ్లేలను రోజూ లెక్కపెట్టగలిగిన ప్రభుత్వానికి పలకలను ఏడాదికి ఒక్కసారే లెక్కపెట్టాల్సిన అవసరం ఏముంది?

విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది దాకా ఇద్దరు టీచర్లుండాలి. 90 దాకా ముగ్గురు, 120 దాకా నలుగురు. అంటే 91వ పిల్లవాడు చేరిన రోజున బడికి నాలుగో టీచరు మీద హక్కు వస్తుంది. ఆ 91వ పిల్లవాడు నవంబరులో వస్తే, పోస్టు సంగతి వచ్చే ఏడాది తేలుతుంది. అప్పటికి వాడు ఇక్కడుండడు. వాడి తండ్రి పనిచేసే అపార్ట్‌మెంటు పూర్తయి, కుటుంబం పీణ్యకో వైట్‌ఫీల్డుకో మారి ఉంటుంది. ఏ బడి లెక్కలోనూ వాడు సరైన సమయానికి ఉండడు. శివారు బడుల కష్టానికి మూలం ఇక్కడుంది.

డబ్బు లెక్క ఇంకా విచిత్రంగా ఉంటుంది. సమగ్ర శిక్ష కింద ప్రతి బడికీ ఏటా ఒక గ్రాంటు వస్తుంది. సుద్దముక్కలు, రిజిస్టర్లు, చిన్నాచితకా మరమ్మతులు, మరుగుదొడ్ల శుభ్రత అన్నీ అందులోనే. 101 నుంచి 250 మంది పిల్లలుంటే 50 వేలు. 251 నుంచి 1000 దాకా ఎందరున్నా 75 వేలు. 251 మంది ఉన్న బడిలో ఒక్కో పిల్లవాడికి ఏడాదికి దాదాపు 299 రూపాయలు. వెయ్యిమంది ఉన్న బడిలో 75 రూపాయలు. బడి నిండేకొద్దీ పిల్లవాడి వాటా తరిగిపోతుంది. ఊళ్లు ఖాళీ అవుతున్న జిల్లాల్లో ఈ సూత్రం పెద్దగా బాధించదు. శివార్లలో నాలుగేళ్లలో పిల్లలు రెట్టింపైనా బడి అదే మెట్టు మీద ఉంటుంది. 2023 కన్నడ రాజ్యోత్సవం నాడు సర్కారు బడులకు కరెంటు, నీళ్లు ఉచితమని ముఖ్యమంత్రి సిద్దరామయ్య ప్రకటించాక ఆ గ్రాంటు మీద భారం కొంత తగ్గింది. మంచి నిర్ణయం. కానీ మెట్లు మారలేదు.

రాష్ట్రం దగ్గర డబ్బు లేదని అనలేం. 2025-26 బడ్జెట్ మొత్తం 4 లక్షల 9 వేల కోట్లు, అందులో విద్యకు 45 వేల కోట్లకు పైగా కేటాయించారు. సింహభాగం జీతాలకు పోతుంది, పోవాల్సిందే. చిక్కు ఏమిటంటే జీతమిచ్చే పోస్టులు ఒకచోట, పిల్లలు మరొకచోట ఉన్నారు. 2024-25 యూడైస్ లెక్కల ప్రకారం కర్ణాటకలో ఒకే టీచరుతో నడిచే బడులు 7,349. (ఆంధ్రప్రదేశ్‌లో 12,912. దేశంలో అదే అత్యధికం.) ఊళ్లలో పిల్లలు తగ్గి ఒక టీచరు మిగిలిన బడి, శివారులో పిల్లలు పొంగి టీచరు చాలని బడి, రెండూ ఒకే వలసకు రెండు కొసలు. యాదగిరిలో బెంచీ ఖాళీ చేసిన పిల్ల ఆనేకల్‌లో చాప మీద కూర్చుంటోంది.

ఈ ఖాళీని అతిథి ఉపాధ్యాయులతో నింపుతున్నారు. వాళ్లను తీసుకునేది ఖాళీగా ఉన్న పోస్టుల మీదే, కొత్తగా చేరిన పిల్లల సంఖ్య మీద కాదు. గౌరవ వేతనం 2025 బడ్జెట్‌లో రెండు వేలు పెంచాక ప్రాథమిక బడిలో నెలకు 12 వేలు అయింది. సర్జాపుర వైపు ఒక గది అద్దె, బస్సు ఖర్చు తీసేస్తే చేతిలో మిగిలేదేమిటో చెప్పనక్కర్లేదు. డిగ్రీ, డీఎడ్, బీఎడ్ చదివిన మనిషి అదే రోడ్డు మీద ఏ డెలివరీ కంపెనీలో చేరినా ఇంతకంటే ఎక్కువ సంపాదించగలరు. అయినా వచ్చి పాఠం చెబుతున్నవాళ్లున్నారంటే వాళ్లకు చేతులెత్తి నమస్కరించాలి. అలాగని వాళ్ల మంచితనం మీదే వ్యవస్థను నడపడం తప్పు.

అమెరికాలో ఉండే తెలుగువాళ్లకు శివారు బడి అనగానే వేరే బొమ్మ గుర్తొస్తుంది. ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో ఇల్లు కొనేముందు స్కూల్ డిస్ట్రిక్ట్ రేటింగ్ చూస్తారు. అక్కడ బడి నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక ఆస్తిపన్ను నుంచి వస్తుంది. ఇంటి విలువ పెరిగితే బడికి డబ్బు పెరుగుతుంది. ఆ పద్ధతికి ఉన్న అన్యాయం కూడా పెద్దదే, పేదల పేటలో బడి పేదగానే ఉండిపోతుంది. బెంగళూరులో ఆ ముడే లేదు. 2007లో 110 గ్రామాలను, ఏడు నగరసభలను, ఒక పురసభను కలిపి బృహత్ బెంగళూరు మహానగర పాలికె ఏర్పాటు చేసినప్పుడు ఆ ఊళ్ల ఆస్తిపన్ను పాలికెకు వెళ్లింది. ఆ ఊళ్ల సర్కారు బడులు మాత్రం రాష్ట్ర విద్యాశాఖ చేతిలోనే ఉండిపోయాయి. నగరపాలక సంస్థ సొంతంగా నడిపింది 160కి అటూఇటూగా బడులు, కాలేజీలే, అవీ ఎక్కువగా పాత నగరంలోనే. శివార్లలో భూమి ధర ఎకరా కోట్లు పలికినా ఆ సంపదలో చుక్క కూడా పక్కనున్న బడికి నేరుగా చేరే దారి లేదు. 2025 సెప్టెంబరులో పాలికె పోయి అయిదు కొత్త నగరపాలక సంస్థలు వచ్చాయి. బడుల బాధ్యత గురించి మళ్లీ ఆలోచించడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు.

కంపెనీలు సాయం చేయడం లేదా? చేస్తున్నాయి. లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలన్న నియమం వచ్చాక బెంగళూరు బడులకు గదులు, మరుగుదొడ్లు, బొమ్మల గోడలు, స్మార్ట్ బోర్డులు వచ్చాయి. వాటిని చిన్నచూపు చూడకూడదు, ఆడపిల్లకు తలుపున్న మరుగుదొడ్డి ఎంత అవసరమో తల్లులకు తెలుసు. అయితే కంపెనీలు కట్టడాలకు ఇచ్చినంత తేలిగ్గా ఏటేటా జీతాలకు ఇవ్వవు. ఫలితంగా కొత్త గది ఉంటుంది, అందులో నిలబడి పాఠం చెప్పే మనిషి ఉండరు.

ఈ బడుల్లో చదివేదెవరన్న ప్రశ్నకు వలస ఒక్కటే జవాబు కాదు. స్థానిక కుటుంబాలు తప్పుకోవడం రెండో సగం. ఊరి గౌడరో రెడ్డో కాస్త భూమి అమ్మగానే పిల్లల్ని ఇంగ్లిష్ మీడియం బస్సెక్కించారు. ప్రాథమిక స్థాయిలో మాతృభాషే ఉండాలని 1994లో కర్ణాటక పెట్టిన విధానాన్ని 2014 మే 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కొట్టేసింది. విద్యాహక్కు చట్టం ఇచ్చిన 25 శాతం సీట్ల ద్వారా పేద పిల్లలు కూడా ప్రైవేటు బడులకు వెళ్లారు. దగ్గర్లో సర్కారు బడి ఉంటే ఆ సీట్లు ఇవ్వనక్కర్లేదని 2019-20 నుంచి రాష్ట్రం నిబంధన మార్చింది. ఆ ఏడాదే వెయ్యి సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం తరగతులు మొదలుపెట్టింది. కోవిడ్ కాలంలో ఫీజు కట్టలేని కుటుంబాలు కొన్ని తిరిగొచ్చాయి. ఊరి పెద్దల పిల్లలు మాత్రం రాలేదు. దాంతో బడి అభివృద్ధి, పర్యవేక్షణ సమితిలో గట్టిగా అడిగే గొంతు పోయింది. ఆ సమితిలో కూర్చోవాల్సిన తల్లిదండ్రులు పగలంతా కాంక్రీటు మోస్తుంటారు. వాళ్లలో చాలామందికి ఇక్కడ ఓటు కూడా లేదు. ఎమ్మెల్యేకు, కార్పొరేటరుకు వాళ్ల బడి గుర్తుండటానికి కారణం లేకుండా పోయింది.

ఇక ఫలితాలు. 2023లో పదో తరగతి (ఎస్సెస్సెల్సీ) ఉత్తీర్ణత 83.89 శాతం. 2024లో పరీక్ష గదుల్లో కెమెరాలు పెట్టి వెబ్‌కాస్టింగ్ మొదలుపెట్టారు. ఫలితం 73.40కి పడింది, అదీ గ్రేస్ మార్కులు 20 శాతానికి పెంచాక. ఆ మార్కులు కలపకపోతే 53 శాతం దగ్గరే ఆగేది. 2025లో గ్రేస్ పెంపు తీసేశారు, మొదటి పరీక్షలో 66.14 శాతం వచ్చింది. దక్షిణ కన్నడ 91.12, కలబురగి 42.43. సర్కారు బడుల్లో 62.7, ప్రైవేటులో 75.59. ఏటా ఈ అంకెలు రాగానే ఫలానా బడి చెడ్డది, ఫలానా టీచర్లు పనిచేయరు అన్న తీర్పులు మొదలవుతాయి. వెబ్‌కాస్టింగ్ పెట్టడం సరైన పని, అబద్ధపు శాతాలకన్నా చేదు నిజం మేలు. ఆ నిజాన్ని చదివే తీరు మాత్రం మార్చుకోవాలి.

శివారు హైస్కూల్లో పదో తరగతి పరీక్ష రాసేవాళ్లంతా ఎనిమిదిలో అక్కడే చేరినవాళ్లు కారు. మధ్యలో వచ్చినవాళ్లుంటారు. ఎనిమిదిలో చేరినవాళ్లలో కొందరు మధ్యలోనే వెళ్లిపోయారు. అయిదేళ్లలో మూడు బడులు మారిన పిల్ల గణితంలో తప్పితే ఆ లోటు చివరి బడి ఖాతాలో పడుతుంది. కలబురగి అంకె వెనుక కూడా ఇదే కథ ఉంది. పంట కోతలయ్యాక అమ్మానాన్నలతో బెంగళూరు వెళ్లి ఫిబ్రవరిలో తిరిగొచ్చిన పిల్లకు అక్కడి బడి ఏం నేర్పగలదు, ఇక్కడి బడి ఏం నేర్పగలదు? చేరిన రోజు పిల్లకు ఏం వచ్చు, వెళ్లేరోజుకు ఏం వచ్చు అని కొలిస్తే శివారు బడుల్లో కొన్ని రాష్ట్రంలోనే మెరుగైనవని తేలినా ఆశ్చర్యపోనక్కర్లేదు. అలా కొలవడం శాట్స్ లాంటి వ్యవస్థ ఉన్న రాష్ట్రానికి కష్టం కాదు.

బోధన పద్ధతిలో ఒక జవాబు ఈ రాష్ట్రం చేతిలోనే ఉంది, దాని వేరు తెలుగు నేలలో ఉంది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో ఊరి పిల్లల కోసం తయారుచేసిన కార్డుల పద్ధతిని చూసి 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటెలో ‘నలి-కలి’ మొదలుపెట్టారు. తర్వాత అది రాష్ట్రమంతా చిన్న తరగతులకు పాకింది. ఇందులో తరగతి మొత్తం ఒకే పాఠం దగ్గర ఉండాల్సిన పనిలేదు. గోడ మీద నిచ్చెన బొమ్మ ఉంటుంది. ఏ పిల్లవాడు ఏ మెట్టు మీదుంటే ఆ మెట్టు కార్డు తీసుకుంటాడు. రెండు నెలలు ఊరెళ్లి వచ్చినవాడు తను వదిలిన కార్డు దగ్గర్నుంచే మళ్లీ మొదలుపెడతాడు. వలస పిల్లవాడికి ఇంతకన్నా అనువైన పద్ధతి మరొకటి కనపడదు. పై తరగతుల్లో ఆలస్యంగా చేరే పిల్లలకు ఇదే దారిలో వారధి కోర్సు కట్టవచ్చు. సర్జాపుర రోడ్డు ప్రాంతంలో 2015 నుంచి పనిచేస్తున్న గుబ్బచ్చి వంటి సంస్థలు బడి ముఖం చూడని పిల్లల్ని ఇలాగే సర్కారు బడికి సిద్ధం చేస్తున్నాయి. స్వచ్ఛంద సంస్థ చేయగలిగింది కొన్ని బడుల్లోనే. మిగతాది ప్రభుత్వం చేయాలి.

తెలుగు రాష్ట్రాల బాధ్యత కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్ 2025లో ఇచ్చిన తల్లికి వందనం డబ్బు ఆ రాష్ట్రంలోని బడుల్లో చదివే పిల్లలకే. కదిరి తల్లి బిడ్డను వెంట తెచ్చుకుని ఆనేకల్‌లో చేరిస్తే 13 వేలు వదులుకోవాలి. బిడ్డను ఊళ్లో ముసలివాళ్ల దగ్గర వదిలితే డబ్బు వస్తుంది, బిడ్డ దూరమవుతుంది. కర్నూలు జిల్లాలో వలస కాలానికి సీజనల్ హాస్టళ్లు పెట్టారు, అవి ఇంకా విస్తరించాలి. వెంట వచ్చే పిల్లల కోసం రెండు ప్రభుత్వాలూ మాట్లాడుకోవాలి. తెలంగాణ ఇటుక బట్టీల దగ్గర ఒడియా పిల్లలకు ఒడియా పుస్తకాలతో పనిచోట బడులు నడిచాయి. కేరళ ఎర్నాకుళం జిల్లాలో 2017లో ‘రోష్ని’ పేరుతో వలస పిల్లలకు వాళ్ల భాష తెలిసిన వాలంటీర్లను సర్కారు బడుల్లోనే పెట్టారు. అమెరికా 1966లోనే పొలాల వెంట తిరిగే కూలీల పిల్లల చదువుకు ప్రత్యేక కేంద్ర నిధి పెట్టింది. బెంగళూరులో తెలుగు, కన్నడ రెండూ వచ్చిన చదువుకున్న యువతకు కొదవలేదు. లిపులు అక్కచెల్లెళ్లు గనుక తెలుగు పిల్ల కన్నడ చదవడం త్వరగానే పట్టుకుంటుంది, మొదటి మూడు నెలలు చేయిపట్టుకునే మనిషి ఉంటే చాలు.

డబ్బెక్కడిదని అడిగేవాళ్లకు జవాబు అదే నిర్మాణ స్థలంలో ఉంది. 1996 చట్టం తెచ్చిన సెస్సు కింద కర్ణాటక ప్రతి పెద్ద కట్టడం ఖర్చులో ఒక శాతాన్ని నిర్మాణ కార్మికుల సంక్షేమం కోసం వసూలు చేస్తోంది. ఆ నిధులు రాష్ట్రాల్లో ఖర్చుకాకుండా, దారితప్పి పడి ఉండటాన్ని 2018లో సుప్రీంకోర్టు తీవ్రంగా తప్పుపట్టింది. కార్మికుడి బిడ్డ చదువుకన్నా పెద్ద సంక్షేమం ఏముంటుంది? ఏ తాలూకాలో కట్టడాలు ఎక్కువ లేస్తున్నాయో అక్కడే సెస్సు ఎక్కువ వస్తుంది, అక్కడి బడులకే కొత్త పిల్లలు ఎక్కువ వస్తారు. అందులో ఒక వాటాతో నవంబరులో, జనవరిలో అదనపు టీచర్లను తీసుకోవచ్చు.

కర్ణాటక విద్యాశాఖ చేయాల్సినవి స్పష్టంగానే ఉన్నాయి. బెంగళూరు నగర, గ్రామీణ జిల్లాల్లో పిల్లల లెక్క జనవరిలో రెండోసారి తీయాలి, ఆ లెక్కకు తగ్గ అతిథి ఉపాధ్యాయులను ఆ నెలలోనే ఇవ్వాలి. గ్రాంటును మెట్ల మీద కాకుండా తల లెక్కన కట్టమని కేంద్రాన్ని అడగాలి. ఆలోగా 250 దాటిన బడులకు రాష్ట్రమే తేడా పూడ్చాలి.

ఈలోగా పాఠకులు చేయగలిగిన పని ఒకటుంది. మీ అపార్ట్‌మెంటు పక్కన కట్టడం జరుగుతుంటే, షెడ్ల దగ్గర పగటిపూట బడి ఈడు పిల్లలు కనిపిస్తే, దగ్గర్లోని సర్కారు బడి ఎక్కడుందో వాళ్ల అమ్మకు చూపించండి, వీలైతే వెంట వెళ్లండి. టీసీ లేదని, వయసు కాగితం లేదని, ఏడాది సగమైందని ఏ బడీ చేర్చుకోకుండా తిప్పిపంపకూడదని విద్యాహక్కు చట్టం 5, 14, 15 సెక్షన్లు చెబుతున్నాయి. తిప్పిపంపితే బ్లాక్ విద్యాధికారిని అడగండి. అక్కడా కదలకపోతే బెంగళూరులోనే ఉన్న రాష్ట్ర బాలల హక్కుల రక్షణ కమిషన్‌కు ఎవరైనా ఫిర్యాదు రాయవచ్చు.